కొత్త డ్రైవర్లకు దశలవారీ లైసెన్స్: నిబంధనలు ఇంకా బిగించాలా?

దారిదీపం:
టెస్టు పాసైన రోజు రాత్రే ఒక కుర్రాడు నలుగురు స్నేహితుల్ని కారెక్కించుకుని హైవే మీదికి వెళ్లొచ్చు. చాలాచోట్ల చట్టం ఏమీ అడ్డు చెప్పదు. నిన్నటిదాకా పక్కన అనుభవమున్నవాళ్లు లేకుండా బండి కదిలించకూడదు, ఇవాళ్టి నుంచి ఎవరితోనైనా, ఎప్పుడైనా, ఎంత దూరమైనా వెళ్లొచ్చు. ఈ రెండింటి మధ్య కొన్ని మెట్లు ఉండాలన్నదే దశలవారీ లైసెన్స్ ఆలోచన. మొదట లెర్నర్‌గా పక్కన ఒకరి పర్యవేక్షణలో నడపాలి. తర్వాత కొన్నాళ్లు ఒంటరిగా నడపొచ్చు గానీ రాత్రి పొద్దుపోయాక వద్దు, స్నేహితుల గుంపుతో వద్దు, మందు చుక్క కూడా వద్దు. అదంతా సవ్యంగా గడిస్తే పూర్తి లైసెన్స్.

న్యూజిలాండ్ దీన్ని 1987లోనే పూర్తిస్థాయిలో తెచ్చింది. కెనడాలోని ఆంటారియోకు 1994లో, అమెరికాలోని ఫ్లోరిడాకు 1996లో వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక ప్రకారం రోడ్డు ప్రమాదాల్లో ఏటా దాదాపు 11.9 లక్షల మంది పోతున్నారు. 5 నుంచి 29 ఏళ్ల మధ్యవాళ్ల చావులకు అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే. ఏ రోగమూ కాదు, రోడ్డు.

ఈ మెట్లు లేనిచోట పెట్టాలి, ఉన్నచోట ఇంకా బిగించాలి అని నా గట్టి అభిప్రాయం. ఒప్పుకోనివాళ్లు కారణంతో సహా రాయండి.

కొత్తచక్రం:
నాకు పంతొమ్మిదేళ్లు, ఈమధ్యే లైసెన్స్ వచ్చింది కాబట్టి ఇది నా గురించే అనుకుంటున్నాను. ఓటు వేయొచ్చు, ఉద్యోగం చేయొచ్చు, పెళ్లి కూడా చేసుకోవచ్చు, కానీ రాత్రి పదింటికి కారు తీయకూడదా? టెస్టులో అందరితో సమానంగా పాసయ్యాను. నలభై ఏళ్లకు మొదటిసారి లైసెన్స్ తీసుకున్నవాళ్లకు కూడా నాలాగే అనుభవం ఉండదు కదా, వాళ్లకు లేని ఆంక్ష నాకెందుకు? ఎవరో నలుగురు స్పీడుగా వెళ్లి గుద్దుకున్నారని ఆ వయసువాళ్లందరినీ అనుమానంగా చూడటం అన్యాయం. తప్పు చేసినవాడి లైసెన్స్ రద్దు చేయండి, నేను ఒప్పుకుంటాను. బ్రిటన్‌లో అదే కదా పద్ధతి? మొదటి రెండేళ్లలో ఆరు పెనాల్టీ పాయింట్లు పడితే లైసెన్స్ పోతుంది, మళ్లీ మొదటి నుంచీ రావాలి. చేసిన తప్పుకు శిక్ష వేయాలి గానీ, వయసుకు కాదు.

శిక్షణసీటు:
నేను చాలా ఏళ్లుగా డ్రైవింగ్ నేర్పుతున్నాను. తమ్ముడూ, నువ్వడిగింది సరైన ప్రశ్నే. నా పక్క సీట్లోంచి ఏం కనిపిస్తుందో చెప్తాను.

గేరు మార్చడం, క్లచ్ వదలడం, రివర్స్‌లో పార్క్ చేయడం, ఇవన్నీ యువకులు పెద్దవాళ్లకంటే తొందరగా పట్టేస్తారు. చేతులూ కాళ్లూ చురుగ్గా పనిచేస్తాయి. టెస్టు కొలిచేది చాలావరకు దాన్నే. సమస్య చూపులో ఉంది. కొత్తవాళ్ల చూపు బానెట్‌కి కాస్త ముందు, ఆ పక్కనున్న గీత మీద అతుక్కుపోతుంది. దూరంగా ఏం జరగబోతోందో వెతకదు. రోడ్డు పక్కన బస్సు ఆగి ఉందనుకోండి. కొత్త డ్రైవర్‌కి బస్సు కనిపిస్తుంది, పక్కనుంచి చోటుందా లేదా చూసుకుంటాడు, వెళ్లిపోతాడు. నేను బండి ఆపించి, బస్సు కింద చూడమంటాను. చక్రాల మధ్య ఖాళీలోంచి అవతలివైపు నడుస్తున్న కాళ్లు కనిపిస్తాయి. ఆ కాళ్లు బస్సు ముందు నుంచి మన దారిలోకి రాబోతున్నాయి. అలాగే పార్క్ చేసిన కారు ముందు చక్రాలు రోడ్డువైపు తిరిగి ఉంటే అది కదలబోతోందని అర్థం. లోపల డ్రైవర్ తల కనిపిస్తే తలుపు తెరుచుకోవచ్చు. ఇవి పుస్తకంలో చదివితే రావు. నెలల తరబడి రకరకాల రోడ్ల మీద, వానలో, రాత్రుల్లో చూసిచూసి కంటికి అలవాటు కావాలి.

పక్కన నేనున్నంతసేపూ ఆ చూపు నాది. అందుకే లెర్నర్ దశలో ప్రమాదాలు చాలా తక్కువ. నేను దిగిపోయిన మరుసటి రోజు నుంచే అసలు ప్రమాదం మొదలవుతుంది. ఒంటరిగా నడిపే మొదటి కొన్ని నెలల్లో ప్రమాదాలు అన్నిటికన్నా ఎక్కువ, తర్వాత నెలనెలా తగ్గుతూ వస్తాయి. ఇది ఏ దేశంలో చూసినా కనిపించే తీరే. తప్పు చేశాక శిక్షించే పద్ధతి ఇక్కడే చాలదు. చాలామందికి ఆ మొదటి తప్పే ఆఖరిది అవుతోంది.

లెక్కలపుస్తకం:
కొత్తచక్రం గారి ప్రశ్నకు నా వైపు నుంచి కొన్ని లెక్కలు.

స్నేహితుల విషయం ముందు. అమెరికాలో రోడ్డు భద్రత మీద పరిశోధన చేసే ట్రిపుల్ ఏ ఫౌండేషన్ 2012లో ప్రచురించిన విశ్లేషణలో 16, 17 ఏళ్ల డ్రైవర్ల సంగతి చూశారు. కారులో ఒంటరిగా ఉన్నప్పటితో పోలిస్తే, 21 ఏళ్లలోపు వాళ్లు ఒకరు ఎక్కితే డ్రైవర్ చనిపోయే ప్రమాదం 44 శాతం పెరిగింది. ఇద్దరు ఎక్కితే రెట్టింపు, ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువమంది ఎక్కితే నాలుగింతలు. అదే 35 ఏళ్లు దాటిన పెద్దవాళ్లు ఉంటే ప్రమాదం తగ్గింది. కాబట్టి కారులో మనుషుల బరువు కాదు సమస్య, ఎవరున్నారన్నది సమస్య.

ఇక సాధన సంగతి. స్వీడన్ 1993లో లైసెన్స్ వయసును 18 దగ్గరే ఉంచి, నేర్చుకోవడం మొదలుపెట్టే వయసును పదహారుకి తగ్గించింది. ఆ అవకాశం వాడుకున్నవాళ్లు సగటున దాదాపు 118 గంటలు పర్యవేక్షణలో నడిపారు. అంతకుముందు అది యాభై గంటలు కూడా ఉండేది కాదు. లైసెన్స్ వచ్చాక వాళ్ల ప్రమాదాల రేటు దాదాపు 40 శాతం తక్కువగా తేలింది. అందులో కొంత, ముందే మొదలుపెట్టే కుటుంబాలు సహజంగా జాగ్రత్తపరులు కావడం వల్ల కూడా కావచ్చని ఆ పరిశోధకులే ఒప్పుకున్నారు. అయినా తేడా పెద్దదే.

కానీ ఒక విషయంలో కొత్తచక్రం గారిది న్యాయమైన మాట. 2011లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, అమెరికాలో గట్టి దశలవారీ నిబంధనలున్న రాష్ట్రాల్లో 16 ఏళ్ల డ్రైవర్ల ప్రాణాంతక ప్రమాదాలు దాదాపు పావువంతు తక్కువ. అదే రాష్ట్రాల్లో 18 ఏళ్లవాళ్లవి మాత్రం దాదాపు 12 శాతం ఎక్కువ. ఒక బలమైన వివరణ ఏమిటంటే, అక్కడ చాలా రాష్ట్రాల్లో నిబంధనలు 18 రాగానే ఆగిపోతాయి. దాంతో కొందరు పద్దెనిమిది నిండేదాకా ఆగి, ఏ మెట్టూ ఎక్కకుండా నేరుగా పూర్తి లైసెన్స్ తీసుకుంటున్నారు. ప్రమాదం తప్పలేదు, రెండేళ్లు వాయిదా పడింది.

కొత్తచక్రం:
అంటే నేను చెప్పిందే కదా? వయసుకి కాకుండా అనుభవానికి పెట్టాలి. ఇరవై అయినా, నలభై అయినా కొత్తగా వచ్చినవాళ్లందరికీ ఒకటే రూలు.

దారిదీపం:
దానికి నేను సంతోషంగా ఒప్పుకుంటాను. ఆంటారియోలో లెర్నర్ దశ, రెండో దశ కొత్తవాళ్లందరికీ ఉన్నాయి, ఏ వయసువాళ్లయినా సరే. రాత్రి పన్నెండు నుంచి తెల్లవారి అయిదు దాకా తోటి వయసువాళ్లను ఎక్కించుకోవడం మీద పరిమితి మాత్రం 19 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసువాళ్లకే. మెట్లు అందరికీ, అదనపు జాగ్రత్త చిన్నవాళ్లకి. అనుభవం లేకపోవడం, వయసు, రెండూ వేర్వేరు కారణాలు. రెండూ ఒకే మనిషిలో కలిసినప్పుడు ప్రమాదం ఎక్కువ.

రాత్రిడ్యూటీ:
ఈ చర్చ చదువుతుంటే నాకు ఒకటే టెన్షన్. ఇలాంటి రూల్స్ రాసేవాళ్లు పగలు ఆఫీసుకెళ్లి సాయంత్రం ఇంటికొచ్చేవాళ్లు. నేను పనిచేసే గోదాములో షిఫ్ట్ రాత్రి పదకొండున్నరకు అయిపోతుంది. ఆ టైముకి బస్సు ఉండదు. మాలో సగం మంది ఇరవై, ఇరవైరెండేళ్లవాళ్లే. ఒకడికి కారుంటే మిగతా ముగ్గురూ అందులోనే ఇళ్లకు చేరతాం. మీరనే రెండు ఆంక్షలూ, రాత్రిదీ స్నేహితులదీ, ఒక్కదెబ్బతో మా ఉద్యోగాల మీద పడతాయి. డబ్బున్న ఇంటి పిల్లలకు నాన్న వచ్చి తీసుకెళ్తాడు. మాకెవరొస్తారు?

లెక్కలపుస్తకం:
మినహాయింపులు ఉన్నాయండీ. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఉద్యోగానికో చదువుకో వెళ్లొచ్చేవాళ్లకు రాత్రి నిబంధన వర్తించదు.

రాత్రిడ్యూటీ:
కాగితం మీద ఉన్నాయి. యజమాని దగ్గర ఉత్తరం తీసుకోవాలి, అది జేబులో పెట్టుకు తిరగాలి, ఆపిన ప్రతిసారీ చూపించి బతిమాలాలి. కొత్తగా చేరినవాడికి ఆ ఉత్తరం ఇవ్వడానికి యజమాని ఎన్నాళ్లు తిప్పుతాడో నాకు తెలుసు. మినహాయింపు లైసెన్స్ మీదే అచ్చువేసి ఇస్తే అప్పుడు మాట్లాడదాం.

ఇద్దరుపిల్లలఅమ్మ:
రాత్రిడ్యూటీ తమ్ముడూ, నీ బాధ నిజం. పనికి వెళ్లేవాళ్లను ఇబ్బంది పెట్టని రూలే కావాలి. కానీ తల్లిగా నా వైపు నుంచి కూడా ఒక మాట వినండి.

మా పెద్దవాడు చాలా నెమ్మదస్తుడు. నేను పక్కన కూర్చుంటే సిగ్నల్ పసుపు పడకముందే బ్రేక్ మీద కాలు పెడతాడు. వాడి స్నేహితుల్ని తీసుకుని బయల్దేరినప్పుడు ఒకసారి నేను కూడా వెనక సీట్లో సర్దుకుని వెళ్లాల్సి వచ్చింది. ముందు సీట్లో అబ్బాయి పాట సౌండ్ పెంచాడు. నా పక్కనున్నవాడు రెండు సీట్ల మధ్యలోంచి ఫోన్ చాపి, ‘ఇది చూడరా, ఒక్క సెకను’ అన్నాడు. మావాడు చూశాడు. ఒక్క సెకనే. ముందు వెళ్తున్న కారుకి బ్రేక్ లైట్లు వెలిగి ఆరిపోయాయి, వాడికి అది తెలియనే లేదు. ఇంతలో వెనక నుంచి ఎవరో ఓవర్‌టేక్ చేశారు. ‘ఏంట్రా, వాడు వెళ్లిపోతుంటే చూస్తూ ఊరుకున్నావు’ అన్నారు. కారు వేగం పెరగడం నాకు వీపుకి తెలిసింది. వాళ్లెవరూ చెడ్డ పిల్లలు కాదు. నేను వెనకే ఉన్నానని తెలిసి కూడా అలా ఉంటే, లేనప్పుడెలా ఉంటుందో?

ఇంట్లో ‘స్నేహితుల్ని ఎక్కించుకోవద్దు’ అంటే నేను చాదస్తపు అమ్మని. చట్టం వద్దంటే వాడికి స్నేహితుల ముందు తలవంపులు ఉండవు. ‘లైసెన్స్ పోతుందిరా’ అంటే ఎవరూ మారు మాట్లాడరు. నేను ఈ రూలు కోరుకోవడానికి పెద్ద కారణం ఇదే.

నిర్వాహకుడు:
ఒక వ్యాఖ్య తీసేశాం. ప్రమాదంలో పోయిన పిల్లల పెంపకం గురించి ఇక్కడ ఎవరూ తీర్పులు చెప్పవద్దు. చదివేవాళ్లలో ఆ తల్లిదండ్రులు కూడా ఉండవచ్చు. చర్చ కొనసాగించండి.

పల్లెదారి:
రూలు పెట్టడం సరే, అమలు? రాత్రిపూట అద్దాల్లోంచి చూసి డ్రైవర్‌కి పద్దెనిమిదో ఇరవైనాలుగో ఏ పోలీసు చెప్పగలడు?

లెక్కలపుస్తకం:
అందుకే కొన్నిచోట్ల గుర్తు పెట్టారు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలో ఒంటరిగా నడిపే మొదటి ఏడాది, అంటే ప్రొబేషన్‌లో, కారుకి ‘పీ’ అక్షరమున్న ఎరుపు పలక, తర్వాత మూడేళ్లు ఆకుపచ్చది. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో 2010 మే నుంచి 21 ఏళ్లలోపు కొత్త డ్రైవర్లు నంబర్ ప్లేటు మీద ఎర్రటి స్టిక్కర్ అంటించుకోవాలి. ఆ తర్వాత వాళ్ల ప్రమాదాల రేటు దాదాపు 9 శాతం తగ్గిందని పరిశోధకులు తేల్చారు. కారులో చిన్నపిల్లలున్నారని తెలిసి ఎవరైనా వెంటపడతారేమోనని తల్లిదండ్రులు భయపడ్డారు, కోర్టుకూ వెళ్లారు. 2012లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది.

ఇద్దరుపిల్లలఅమ్మ:
ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఆ భయాన్ని కోర్టు తీర్పు తీసేయలేదండీ. మా చిన్నది నడపడం మొదలుపెడితే ఆ స్టిక్కర్ అంటించడానికి నా చెయ్యి రాదు. ఇంకొకటి. తాగినవాడి కారులో ఎక్కకుండా, తాగని స్నేహితురాలి కారులో నలుగురమ్మాయిలు కలిసి ఇంటికి రావడం మంచిదా కాదా? స్నేహితుల పరిమితి అక్కడ అడ్డుపడకూడదు.

శిక్షణసీటు:
ఆ మాట నిజమేనమ్మా. కానీ అర్ధరాత్రి, కొత్త చేతులు, కారు నిండా స్నేహితులు, ఈ మూడూ కలిసిన ప్రయాణమే అన్నిటికన్నా ప్రమాదకరమైనది. నేర్పే నా విద్యార్థులకు నేను చెప్పేది, ఆ పరిస్థితి వస్తే ఎంత రాత్రైనా ఇంటికి ఫోన్ చేయమని. ఆ ఫోన్ వచ్చినప్పుడు తిట్టకుండా వెళ్లి తీసుకురావడం పెద్దవాళ్ల వంతు.

పల్లెదారి గారు అడిగిన అమలు గురించి నా అనుభవం వేరు. ఎక్కువ అమలు జరిగేది రోడ్డు మీద కాదు, ఇంట్లో. కారు తాళాలు ఎవరి దగ్గరుంటాయో వాళ్లే మొదటి పోలీసు. చట్టం వాళ్ల చేతికి ఒక కాగితం ఇస్తుంది, అంతే.

పల్లెదారి:
తాళాలున్న ఇళ్ల సంగతి చెప్పారు. కారే లేని ఇళ్ల సంగతి? విక్టోరియాలో 21 లోపువాళ్లు టెస్టుకు వెళ్లాలంటే 120 గంటలు నడిపినట్టు లాగ్‌బుక్ చూపించాలట, అందులో 20 గంటలు రాత్రివి. ఇంట్లో బండి, ఖాళీగా ఉండే నాన్న, పెట్రోలుకి డబ్బులు, మూడూ ఉన్నవాళ్లకే అది కుదిరే పని. లేనివాళ్లు ఏం చేస్తారు? దొంగ సంతకాలతో పుస్తకం నింపుతారు. లేదంటే అసలు లైసెన్సే తీసుకోకుండా నడుపుతారు. రెండోది ఇంకా ఘోరం. లైసెన్స్ లేనివాడికి టెస్టూ లేదు, చాలాచోట్ల ఇన్సూరెన్సూ వర్తించదు.

దారిదీపం:
ఇది చాలా బలమైన అభ్యంతరం. విక్టోరియాలోనే దీనికి ఒక జవాబు వెతికారు. ఎల్‌టూపీ అనే కార్యక్రమం ఉంది. ఇంట్లో కారో, పక్కన కూర్చునే పెద్దవాళ్లో లేని 16 నుంచి 21 ఏళ్ల లెర్నర్లకు వాలంటీర్లు పక్కన కూర్చుని, కార్యక్రమానికి చెందిన కారులోనే ఆ గంటలు పూర్తి చేయిస్తారు. గంటల నిబంధన పెట్టే ఏ ప్రభుత్వమైనా ఇలాంటిది ముందు ఏర్పాటు చేయాలి, తర్వాతే నిబంధన పెట్టాలి. ఈ వరస తిరగబడితే పల్లెదారి గారు చెప్పినట్టే జరుగుతుంది.

కొత్తచక్రం:
ఇన్ని గంటలు ఎందుకు, మంచి అడ్వాన్స్‌డ్ కోర్సు చేస్తే సరిపోదా? కారు జారితే ఎలా అదుపు చేయాలి, సడన్ బ్రేక్ ఎలా వేయాలి, ఇవి నేర్పితే ఆంక్షల కాలం తగ్గించొచ్చు కదా. కొన్నిచోట్ల తగ్గిస్తారు కూడా.

శిక్షణసీటు:
తగ్గిస్తారు. ఆంటారియోలో కోర్సు చేస్తే పన్నెండు నెలల లెర్నర్ కాలం ఎనిమిది అవుతుంది. నేను కోర్సులు అమ్ముకుని బతికేవాణ్ని, అయినా చెప్తున్నాను, ఆ రాయితీ ఎత్తేయాలి. కోర్సు మంచిదే, కానీ అది నాలుగు నెలల రోడ్డు అనుభవానికి బదులు కాదు.

జారే రోడ్డు శిక్షణ గురించైతే నార్వే అనుభవం ప్రతి శిక్షకుడూ తెలుసుకోవాలి. అక్కడ కొత్త డ్రైవర్లకు జారే రోడ్డు మీద అదుపు శిక్షణ తప్పనిసరి చేశాక, యువకుల్లో ఆ రకం ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయి. ఒక్క పూట జారుడు ట్రాక్ మీద కారు తిప్పినవాడికి నైపుణ్యం అంతంతమాత్రం వస్తుంది, ధైర్యం మాత్రం కొండంత వస్తుంది. మంచు కురిసిన రోజు ఇంట్లో ఉండాల్సినవాడు, నాకు వచ్చులే అని బయల్దేరతాడు.

పక్కన కూర్చునేవాళ్ల విషయంలో జర్మనీ పద్ధతి నాకు నచ్చింది. అక్కడ పదిహేడుకే టెస్టు పాసవ్వొచ్చు. కానీ పద్దెనిమిది నిండేదాకా లైసెన్సులో పేరు రాసి ఉన్న తోడు లేకుండా నడపకూడదు. ఆ తోడుకి కనీసం ముప్పై ఏళ్లుండాలి, అయిదేళ్లుగా లైసెన్స్ ఉండాలి. టెస్టు పాసవ్వాలన్న ఆందోళన ఉండదు, పక్కన ఒక పెద్ద చూపు మాత్రం ఉంటుంది.

రాత్రిడ్యూటీ:
మరి బైకుల సంగతి ఎవరూ ఎత్తరేం? కారుకి ఇన్ని మెట్లు పెడితే మావాళ్లందరూ టూవీలర్ ఎక్కుతారు. కారులో బెల్టూ ఎయిర్‌బ్యాగూ ఉంటాయి, బండి మీద ఏముంది? కారు గణాంకాలు బాగుపడి, బైకుల మీద చావులు పెరిగితే దాన్ని విజయం అంటారా?

లెక్కలపుస్తకం:
మంచి ప్రశ్న. యూరోపియన్ యూనియన్ 2013 నుంచి బైకులకు కూడా మెట్లు అమలు చేస్తోంది. పదహారుకి 125 సీసీ దాకా, పద్దెనిమిదికి మధ్యస్థాయి శక్తి ఉన్నవి. ఏ బైకైనా నడపాలంటే మధ్యస్థాయి లైసెన్సుతో రెండేళ్లు గడిచి ఇరవై రావాలి, నేరుగా అయితే 24. కొన్ని దేశాల్లో కనీస వయసుల్లో స్వల్ప తేడాలున్నాయి గానీ నిచ్చెన అదే.

రాత్రిడ్యూటీ:
అలా అయితే రెండూ ఒకే చట్టంలో, ఒకే రోజు రావాలి. కారుకి ముందు, బైకుకి తర్వాత అంటే నేను వ్యతిరేకిస్తాను. పని మినహాయింపు లైసెన్స్ మీదే ఉండాలి. ఈ రెండూ ఉంటే నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటాను.

కొత్తచక్రం:
వయసుతో పని లేకుండా కొత్తవాళ్లందరికీ మొదటి ఏడాది ఈ ఆంక్షలు అంటే నేనూ సరే అంటాను. ఒక్కటి మాత్రం అడుగుతాను. మా చెల్లిని కాలేజీలో దింపాలన్నా ఆ ప్రయాణికుల రూలు వర్తిస్తుందా?

శిక్షణసీటు:
విక్టోరియాలో తోబుట్టువుల్ని ఆ లెక్కలో వేయరు తమ్ముడూ, దింపొచ్చు. నువ్వు నడిపేది కొత్తగా కాబట్టి ఆ అమ్మాయిని ముందు సీట్లో కూర్చోబెట్టుకో. బెల్టు పెట్టుకున్నాకే బండి కదిలించు, నీ ఫోన్ ఆ అమ్మాయి బ్యాగులో వేయించు.